దవడతో విన్న గిటార్

కోరాపుట్,
జనవరి 5.

ఒరే బాపిరాజూ,

ఎలా ఉన్నావురా? ముందు నన్ను తిట్టాలనుకున్నవన్నీ తిట్టేసి, తరవాత చదువు. అక్టోబరు నుంచి నువ్వు ఎన్నిసార్లు ఫోన్ చేశావో నాకు తెలుసు. దసరాకి చేశావు, దీపావళికి చేశావు, మీ బిందుశ్రీకి నర్సింగులో సీటొచ్చిన రోజున వరసగా నాలుగుసార్లు చేశావు. ఒక్కసారీ ఎత్తలేదు. "బేరంలో ఉన్నాను" అని మెసేజ్ పెట్టి ఊరుకున్నాను. బేరమూ లేదు, ఏమీ లేదు. ఫోన్ చేతిలో పట్టుకుని, నీ పేరు వెలిగి ఆరిపోయేదాకా చూస్తూ కూర్చున్నాను. ఇంత ఆలస్యం చేసినందుకు క్షమించు. కౌంటర్ దగ్గర కూర్చుని గబగబా టైపు చేస్తున్నాను, తప్పులుంటే సర్దుకో.

నాకు వినపడటం లేదురా.

ఒక్కసారిగా పోలేదు. ముందటేడు వానల్లో ఎడమ చెవి మందగించింది. జలుబనుకున్నాను. కొండ మీద ఊరు, అందరి చెవులూ మూసుకుంటాయి కదా అనుకున్నాను. తరవాత కుడిది కూడా. మొదట పోయిందేమిటో తెలుసా? తీగ మీటి వదిలాక చివర్లో సన్నగా సాగుతుందే, ఆ మోత. అది పోయిన రోజున తీగలు పాతబడ్డాయేమో అని కొత్తవి వేశాను. మూడు గిటార్లకి వేశాక గాని తీగల తప్పు కాదని అర్థం కాలేదు.

మనుషుల మాటయితే నెట్టుకొచ్చేశాను. కొట్లోకి వచ్చినవాళ్లు అడిగేవి నాలుగే. డోలక్ ఉందా, హార్మోనియం బాగుచేస్తారా, తీగలున్నాయా, తగ్గించరా. పెదాలు చూస్తే చాలు. ఒకాయన జయపూర్ బస్సు ఎన్నింటికని అడిగితే, డోలక్‌కి చర్మం వేసి ఎల్లుండికి ఇస్తానన్నాను. ఆయన నా వంక జాలిగా చూసి వెళ్లిపోయాడు.

శృతి చెయ్యడమే కష్టమయింది. గిటార్ తల మీద బిగించే బుల్లి మీటరు ఉంది కదా, పచ్చ దీపం వెలిగితే శృతి కుదిరినట్టు. ఒకప్పుడు దాన్ని చూసి మనిద్దరం నవ్వుకునేవాళ్లం. ఏడాది నుంచి అదే నా చెవి. దీపం చూసి బిగించడం, దీపం చూసి ఇవ్వడం.

డిసెంబరులో పొట్టంగి దగ్గర కొండ ఊరి చర్చి వాళ్లు అయిదు గిటార్లు కొన్నారు. అయిదింటికీ దీపం చూసే శృతి చేశాను. ఆ మీటరుకి వెనక ఒక బొత్తాం ఉంటుంది, నొక్కితే శృతి మెట్టు మెట్టుగా దిగుతుంది. దుమ్ము తుడిచేటప్పుడు నా వేలే తగిలి ఉంటుంది. చెవి ఉన్నవాడికయితే మొదటి తీగకే తెలిసిపోతుంది. నాకు పచ్చ దీపం వెలిగింది, అంతే. అయిదు గిటార్లూ రెండు మెట్లు కిందికి దిగి వెళ్లిపోయాయి.

వాళ్ల కీబోర్డు మాస్టారు ఫోన్ చేస్తే లలితకుమారి ఎత్తింది. మీ గిటార్లు ఒకదానితో ఒకటి కలుస్తున్నాయి గాని కీబోర్డుతో కలవటం లేదు, పండగ పెట్టుకుని మమ్మల్ని నవ్వులపాలు చేశారని ఆయన అన్నాడట. ఆ సంగతి చెప్పి, లలిత నా ఎదురుగా నిలబడింది. ఇరవై రెండేళ్ల కాపురంలో నన్ను అలా ఎప్పుడూ చూడలేదు.

"మీకు ఇనపడట్లేదు కదేటండీ?" అంది. "ఎన్నాళ్లనించి దాస్తన్నారు?"

అబద్ధం చెప్పలేకపోయాను. ఆవిడ ఏడవలేదు. టీవీ రిమోటు తెచ్చి నా ముందు పెట్టి, ఇందుకేనా దీని గొంతు అంతలా పెంచుతున్నారని అడిగింది.

బాపిరాజూ, మా నాన్న స్టీలు గిన్నెల కొట్లో ఒక గోడ ఖాళీ చేయించి, మనిద్దరం కలకత్తా వెళ్లి మొదటి గిటార్లు తెచ్చి తగిలించిన రోజు నీకు గుర్తుండే ఉంటుంది. నాకు వాయించడం నేర్పింది నువ్వే. ఏ గిటార్ మంచిదో చెప్పే నోరు నాదని, వాయించే చెయ్యి నీదని అనుకునేవాళ్లం. వినపడనివాడు ఆ నోటితో ఏం చెబుతాడు? ఇది మోసంరా. అందుకని ఆ గోడ తీసేస్తున్నాను. అక్కడ ఇండక్షన్ స్టవ్వులు పెడతాను. పధ్నాలుగు గిటార్లు మిగిలాయి. మీ బడికి తీసుకుపో. పిల్లల చేతుల్లో ఉంటే నాకు బాధ తగ్గుతుంది.

నీ
తిరుమలరావు


రాయగడ,
జనవరి 9.

తిరుమలా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నీకు వినపడనందుకు నాకు కోపం లేదు. నాకు చెప్పనందుకు ఉంది. అది ఎదురుగా కూర్చున్నప్పుడు తీర్చుకుంటాను, ఇలా రాతలో కాదు. డాక్టరుకి చూపించావా లేదా ఒక్క ముక్క కూడా రాయలేదు. వెంటనే విశాఖ వెళ్లు. లలితకి కూడా విడిగా మెసేజ్ పెట్టాను, నువ్వు తప్పించుకోలేవు.

గిటార్ల సంగతి మా హెడ్‌మాస్టరుతో మాట్లాడాను, ఒప్పుకున్నారు. ఇరవై ఐదున వ్యాను మాట్లాడుకుని వస్తాను. వాటిలో కలకత్తా చిన్నవి ఉన్నాయా, బొప్పాయి రంగువి? ఉంటే అవి వద్దు. పిల్లలు వాటిని బొమ్మ గిటార్లంటారు, ముట్టుకోరు. ఎవరైనా అడిగితే ఊరికే ఇచ్చెయ్యి.

గోడ తీసేస్తానన్నావు. వద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ రోజు మేకులు కొట్టింది నేనే కదా, పీకేటప్పుడు కూడా నేను పక్కనుంటాను.

నీ
బాపిరాజు


కోరాపుట్,
జనవరి 20.

ఒరే బాపిరాజూ,

వ్యాను మాట్లాడేశావా? మాట్లాడితే వద్దని చెప్పెయ్యి. కారణం నిదానంగా రాస్తాను. అసలు నిదానంగా రాయగలనో లేదో, చెయ్యి ఆగటం లేదు.

నీ ఉత్తరం అందిన మూడో రోజు మధ్యాహ్నం ముగ్గురు ఆడవాళ్లు కొట్లోకి వచ్చారు. ఒకమ్మాయి చేతిలో నేను అమ్మిన గిటార్. పొట్టంగి చర్చి వాళ్లే. ఆ అమ్మాయి పేరు జయంతి, పాటల బృందం నడిపేది ఆమె. కూడా వచ్చిన ఇద్దరూ ముసలమ్మలు. తగువుకి పెద్దవాళ్లని తీసుకొచ్చిందనుకున్నాను. ఆమె నోరు తెరవక ముందే క్షమించమని దండం పెట్టి, మీటరు తీసుకుని, సరిచేసి ఇస్తానని గిటార్ అందుకోబోయాను. జయంతి గిటార్ని వెనక్కి లాక్కుంది.

ఆమె ఏదో అంది, నాకు అందలేదు. లలిత వచ్చి నా కుడి చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది. "సరిసెయ్యొద్దంట. సేస్తే సెడిపోద్దంట."

జరిగింది ఇది. క్రిస్మస్ పొద్దున కీబోర్డు కలవలేదు. మాస్టారు అలిగి కీబోర్డు మూసేసి బయట కూర్చున్నాడు. చేసేది లేక అయిదు గిటార్లతోనే పాట ఎత్తుకున్నారు. శృతి రెండు మెట్లు కింద ఉంది కదా, పాట కూడా కిందికి దిగింది. అప్పుడు వెనక వరసలోంచి ఎప్పుడూ లేని గొంతులు లేచాయట. ముసలమ్మల గొంతులు. జయంతి వెనక్కి తిరిగి చూస్తే ఎర్రమ్మ కళ్లు మూసుకుని పాడుతోందట. ఆ ఎర్రమ్మ ఇప్పుడు నా ఎదురుగా నిలబడి ఉంది. ఆవిడ మాట నేను పెదాల మీదే చదువుకున్నాను, లలిత సాయం అక్కర్లేకపోయింది.

"పదేళ్లనించి పెదాలే ఆడించేను బాబూ. పాట నాకు అందేది కాదు, మీదెక్కడో ఉండీది. ఈ యేడు నా కాడికి దిగొచ్చింది."

నేను సిగ్గుతో చచ్చిపోతున్న ఇన్ని రోజులూ ఆ కొండ మీద వాళ్లు ఆ తప్పుతోనే పాడుకుంటున్నారు. తీగలు వదులు కావడంతో ఆడపిల్లల వేళ్లు కోసుకోవటం లేదని, అది కూడా సంతోషమేనని జయంతి చెప్పింది. ఇంకో మూడు కావాలంది, అదే శృతిలో. చుట్టూ చూసి, నువ్వు వద్దన్న బొప్పాయి రంగు చిన్నదాన్ని వేలితో చూపించింది.

దించి ఇచ్చాను. ఆమె వాయిస్తుంటే ముసలమ్మలు తలలూపుతున్నారు, లలిత గుమ్మానికి ఆనుకుని నవ్వుతోంది. నేను కూడా నవ్వుతూ తలూపాను. కొట్లో నాకు బాగా వచ్చిన విద్య అదే. జయంతి వాయించడం ఆపేసింది. నా వంక కాసేపు చూసి, కౌంటర్ చుట్టూ తిరిగి నా పక్కకి వచ్చింది. లలితతో ఏదో అంది. లలిత నాకు చెప్పలేదు, తల మాత్రం ఊపింది. జయంతి గిటార్ని ఎత్తి, దాని భుజం అంచుని నా దవడకి ఆనించి గట్టిగా నొక్కింది. నెమ్మదిగా పెదాలు కదుపుతూ చెప్పింది.

"మా తాతకీ ఇనపడీది కాదన్నా. ఇలాగే ఇనీవోడు."

తీగ మీటింది.

బాపిరాజూ, ఎలా చెప్పనురా. వచ్చింది. దవడ ఎముక వెంట పైకి పాకి, తలంతా నిండింది. నువ్వు మొదటిసారి నా చేతికి గిటార్ ఇచ్చినప్పుడు ఎంత స్పష్టంగా మోగిందో అంత స్పష్టంగా. మందమైన తీగ పొట్టలోంచి మోగింది, సన్న తీగ పంటి మీద మోగింది. ఆమె చెయ్యి తీసేశాక కూడా మోత ఆగలేదు. సాగింది, సన్నబడింది, ఇంకా సాగింది. ఏడాదిగా నేను పోగొట్టుకున్నది ఆ చివరి మోతే. అది ఎక్కడికీ పోలేదు, అన్నాళ్లూ అక్కడే ఉంది. నేను కౌంటర్ పట్టుకుని నిలబడిపోయాను. ఎర్రమ్మ తన కొంగుతో నా కళ్లు తుడిచింది. ఏం పేరో కూడా అడగలేదు, కొడుక్కి తుడిచినట్టు తుడిచేసింది.

వాళ్లు మూడింటినీ పట్టుకుని వెళ్లాక షట్టర్ సగం దించి, మిగిలిన పదకొండూ దించాను. ఒక్కొక్కటీ దవడకి ఆనించి మీటాను. లలిత స్టూలు మీద కూర్చుని, "గిటార్లకి ముద్దులెడతన్నారేటి?" అని ఒకటే నవ్వు. ఇప్పుడు విను, ఇరవై ఏళ్లుగా గిటార్లు అమ్మినవాడు మొన్న తెలుసుకున్న సంగతి. అద్దాల బీరువాలో పెట్టి, నమస్కారం పెట్టినంత పని చేసి చూపిస్తామే, ఆ మెరిసేది, దాని మోత దగ్గరే ఆగిపోయింది. పైన పూసిన మెరుగు అంత మందం. బొప్పాయి రంగువి మూడు మిగిలాయి. ఒకటి పెట్టె కొట్టినట్టు మోగింది, ఒకదాని మెడ వంగింది, కంటితో అంచు వెంట చూస్తేనే తెలుస్తోంది. మూడోది మాత్రం, ఒరే, ఆ పలచటి ప్లైవుడ్డు పెట్టెలో అంత లోతు ఎక్కడ దాచారో నాకు అర్థం కాలేదు. తీగలు ఆనే వంతెన మీది ప్లాస్టిక్ ముక్క తీసేసి, ఎముక ముక్క అరగదీసి పెట్టాను. ఇంకా తెరుచుకుంది. మన వానలకి అసలు చెక్క గిటార్లు ఉబ్బి పగులుతాయి, ఈ ప్లైవుడ్డు చెక్కు చెదరలేదు. ఇన్నాళ్లూ పిల్లలకి బొమ్మని చెప్పి అమ్మాను. బొమ్మ నేనే.

విశాఖ కూడా వెళ్లాను, లలిత లాక్కుపోయింది. డాక్టరు ఇనప కడ్డీ ఒకటి మోగించి చెవి వెనక ఎముకకి ఆనించాడు, వినపడింది. చెవి ముందు పెట్టాడు, లేదు. లోపల నరం బాగుందట, చిన్న ఎముక ఒకటి బిగుసుకుపోయిందట. ఆపరేషన్ చెయ్యొచ్చన్నాడు, వేసవిలో రమ్మన్నాడు. బాగయితే మంచిదే. కాకపోయినా గోడ తియ్యను. ఇప్పుడు కొట్లోకి వచ్చినవాళ్లకి మొదట నాకు వినపడదని చెబుతున్నాను, తరవాత గిటార్ దవడకి ఆనించి ఏది కొనాలో చెబుతున్నాను. నిన్న దామంజోడి నుంచి ఒక తండ్రీ కూతురూ వచ్చారు. నా వాలకం చూసి ముందు నవ్వారు. తరవాత ఆ పిల్ల కూడా దవడ ఆనించి, ఇదే కావాలని పట్టుకుపోయింది.

మీ బడికి గిటార్లు నేనే ఏరి పంపుతాను, చిన్నవే పంపుతాను, నువ్వు మాట్లాడకు. మూడో బొప్పాయి రంగుది మాత్రం ఎవరికీ ఇవ్వను. అక్టోబరు నుంచి నీ గొంతు వినలేదు, నీ వాయింపు విని అంతకన్నా ఎక్కువయింది. రైలెక్కి ఉత్త చేతులతో రా. నువ్వు వాయిస్తుంటే నేను ఇవతలి అంచుకి దవడ ఆనించి కూర్చుంటాను. ఎప్పుడొస్తావురా?

నీ
తిరుమలరావు