మూడో టికెట్

అక్టోబర్ 27, సోమవారం

లిండా ఇవాళ నా డెస్క్ దగ్గరికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆరేళ్ళలో మా మేనేజరమ్మ ఇలా కూర్చోవడం మూడోసారి. మొదటిసారి నా గ్రీన్ కార్డ్ ఫైల్ చేస్తున్నామని చెప్పడానికి. రెండోసారి వాళ్ళ కుక్క పోయినప్పుడు. ఈసారి — ఇండియా వెళ్తోందట, మొగుడు టామ్‌తో, వెకేషన్. ఒక్కరోజు ఆగ్రా చూడాలట. ప్రైవేట్ గైడ్ కావాలి, షాపింగ్ గోల వద్దు. "నీకు ఇవన్నీ తెలుసు కదా, ప్లాన్ చేసి పెడతావా?"

నాకేం తెలుసు నా మొహం. నేను తాజ్ మహల్ చూస్తేగా! ఆ మాట చెప్పలేదు. ష్యూర్, నో ప్రాబ్లం అనేశా.

అక్టోబర్ 28

చూడలేదు గానీ తెలుసు. ఫోన్ నోట్స్‌లో "ఆగ్రా — మేమిద్దరం" అని ఎనిమిదేళ్ళ నాటి లిస్టు ఉంది. సూర్యోదయానికి తాజ్. తర్వాత కోట. తర్వాత యమునకి అవతల ఇత్మాద్-ఉద్-దౌలా సమాధి — చిన్నదే, కానీ చెక్కుడు పని తాజ్ కంటే బాగుంటుందట. చివర సికంద్రాలో అక్బర్ సమాధి, అక్కడ జింకలు తిరుగుతాయట. ఇండియా వెళ్ళిన ప్రతిసారీ మూడు వారాలు. రెండు పెళ్ళిళ్ళు, పళ్ళ డాక్టరు, వీసా స్టాంపింగ్, ఇటు తెనాలి చుట్టాలు, అటు కరీంనగర్ చుట్టాలు. ఆగ్రాకి ఎప్పుడూ నాలుగు రోజులు తక్కువే పడేవి.

ఆ లిస్టే కాపీ చేసి లిండాకి పంపా. పైన "మేమిద్దరం" తీసేసి.

మా ఆయన మురళి చూసి — "గదంతా నువ్వు నీకోసం రాసుకున్నది కాదే?" అన్నాడు. అయితే ఏంటి, అరిగిపోతుందా అన్నా.

అక్టోబర్ 30

గైడ్ కుదిరాడు. రఫీక్. ఆగ్రాలో పుట్టి పెరిగినవాడు. నా హిందీ విని నవ్వాడు గానీ మర్యాదగా నవ్వాడు. మురళి ఫోన్ లాక్కుని తన హైదరాబాదీ హిందీలో పావుగంట మాట్లాడేసరికి ఇద్దరూ భాయ్ భాయ్ అయిపోయారు. శుక్రవారం తాజ్ మూసేస్తారు కాబట్టి గురువారం, 13. పాలరాతి షాపులకి తీసుకెళ్ళనని ఒట్టేయించుకున్నా.

లిండాకి వాట్సాప్ లేదు. అమెరికా వాళ్ళకి దాంతో పనేముంది. కాబట్టి బుకింగ్ నా పేరు మీద, నా నంబర్ మీద. ఫొటోలు తనే తీసి సాయంత్రానికి నాకు పంపుతానన్నాడు రఫీక్.

నవంబర్ 4

మా హైదరాబాద్ ఆఫీసు ఫణి వచ్చే వారం సెలవంట. కూతురికి పుట్టువెంట్రుకలు, తిరుపతి. నాకు సంతోషంగానే ఉంది, వాడికీ కాస్త గాలి మారాలి. మూడు నెలల నుంచి నాకు పొద్దున ఏడింటికి, వాడికి హైదరాబాద్‌లో సాయంత్రం ఐదున్నరకి — రోజూ గంటన్నర. నా పని మొత్తం వాడికి నేర్పుతున్నా. "నువ్వు సెలవు పెడితే బ్యాకప్ ఉండాలి కదా" అంది లిండా. నిజమే కదా అనుకున్నా. వాణ్ణి ఇంటర్వ్యూ చేసి తీసుకోమని చెప్పింది కూడా నేనే. కుర్రాడు చురుకు. అక్కా అక్కా అంటూ ప్రతి చిన్నదీ అడుగుతాడు. నేనూ ఏదీ దాచకుండా చెప్తా. దాచుకుని ఏం చేసుకుంటాం.

"నా పేరు కూడా స్వామికి చెప్పరా" అన్నా. "ముందు నీ పేరే అక్కా" అన్నాడు.

నవంబర్ 12, బుధవారం. పొద్దున.

రఫీక్ మెసేజ్. ముగ్గురయ్యారట. మూడో గెస్ట్ ఇండియన్, ఇండియన్లకి టికెట్ వేరు, ఐడీ కావాలి. ఢిల్లీ హోటల్లో డ్రైవర్ ఆ ఐడీ ఫొటో తీసి పంపాడు, పేరు సరిగ్గా ఉందో లేదో చూసి ఓకే అనండి మేడం.

ఆధార్ కార్డ్. ఫణి.

రెండుసార్లు చూశా. మూడోసారి మురళికి చూపించా. "మనోడే" అన్నాడు మురళి, టూత్‌బ్రష్ నోట్లో పెట్టుకుని.

తిరుపతి ఎక్కడ, ఢిల్లీ ఎక్కడ.

ఓకే అని టైప్ చేశా. ఏం చెయ్యను, టికెట్ బుక్ కావాలి కదా.

అదే రోజు, సాయంత్రం ఎనిమిది

అక్కడ తెల్లవారింది. రఫీక్ — మంచు కమ్మేసింది మేడం, తాజ్ ఇంకా కనపడట్లేదు, గెస్టులు వెయిట్ చేస్తున్నారు.

దేవుడా, కనపడనివ్వకు. ఇంత వయసొచ్చి ఇలాంటి కోరికలా అని నాకే సిగ్గేసింది. అయినా కోరుకున్నా.

మంచి వైపు ఆలోచించాలి. లిండాకి తోడుగా ఎవరో ఒకరు కావాలనుకుని ఉంటుంది. వీడు బాస్ అడిగితే కాదనలేకపోయి ఉంటాడు. తిరుపతి వాయిదా పడి ఉంటుంది. నాకు చెప్పడానికి మొహమాటం. అంతే. మురళి ప్లేట్లు గట్టిగా సర్దుతున్నాడు.

నవంబర్ 13, గురువారం

ముప్ఫై ఏడు ఫొటోలు.

మంచు విడిపోయింది. బెంచి మీద లిండా, టామ్, మధ్యలో ఫణి. బూట్లకి తాజ్ దగ్గర ఇచ్చే ఆ తెల్ల సంచులు తొడుక్కుని ముగ్గురూ ఒక కాలు ఎత్తి నవ్వుతున్నారు. ఇత్మాద్-ఉద్-దౌలా దగ్గర లిండా గోడ మీద పూలకి వేలు ఆనించి చూస్తోంది — అది నేను చూడాల్సిన పువ్వు. కోటలో, షాజహాన్‌ని కన్నకొడుకే బంధించిన ఆ బురుజు కిటికీలో ఫణి ఒక్కడే. రఫీక్ ఆ కథ చెప్పే ఉంటాడు. వీడు అయ్యో పాపం అనే ఉంటాడు.

ఫొటోల కింద వాయిస్ మెసేజ్. రఫీక్ గొంతులో ఎంత సంతోషమో! "మేడం, మీ వాళ్ళు చాలా మంచివాళ్ళు. భోజనం దగ్గర అంతా మీ ఆఫీస్ కబుర్లే. ఆ అబ్బాయికి నా తరఫున కూడా కంగ్రాట్స్ చెప్పండి. జనవరి నుంచి టీమ్ అంతా అతని చేతికేనట కదా, అమెరికాలో ఒక మేడం చేసే పని కూడా ఇక్కడికే వస్తోందట కదా. ఆ అమెరికా మేడం ఎవరో గానీ, మొత్తం నేర్పించేసిందట, గొప్ప మనిషి."

ఆ గొప్ప మనిషిని నేనే రఫీక్ భాయ్.

కారు పార్కింగ్‌లో కూర్చుని మూడుసార్లు విన్నా. తర్వాత ఫణికి మెసేజ్ పెట్టా. దర్శనం అయిందా?

నాలుగు నిమిషాలకి — "చాలా బాగా అయింది అక్కా 🙏 పాపకి గుండు చేయించాం. నీ పేరు చెప్పా స్వామికి."

తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే. సామెత అంటే ఏదో మాటవరసకి అనుకునేదాన్ని.

బురుజు కిటికీ ఫొటో పంపించా. రెండు నీలం టిక్కులు.

నవంబర్ 14

వంట లేదు. పిజ్జా.

నవంబర్ 15, శనివారం

వాడే ఫోన్ చేశాడు. ఎత్తకూడదనుకున్నా. ఎత్తా.

"అక్కా, చెప్పొద్దన్నారు అక్కా... హెచ్ఆర్ పేపర్ మీద సంతకం కూడా పెట్టించుకున్నారు..."

ఎప్పటి నుంచి తెలుసురా?

"ఆగస్టు."

ఆగస్టు. అంటే మొదటి క్లాసు నుంచే. నేను స్క్రీన్ షేర్ చేసి, ఇదిగో ఇక్కడ జాగ్రత్త, నెలాఖరుకి ఇది తప్పుతుంది అని చెప్తుంటే — వాడికి తెలుసు. పాపకి జ్వరమని వాడు క్లాస్ మానేస్తే రికార్డింగ్ పెట్టి పంపాను చూడు, అప్పుడూ తెలుసు.

"నేను కాకపోతే ఇంకొకడు వచ్చేవాడు అక్కా. నాకూ పిల్లలున్నారు."

ఒరేయ్, ఉద్యోగం తీసుకున్నావని కాదురా నా ఏడుపు. అది నీది కాదు, నాది కాదు, వాళ్ళది. వాళ్ళిష్టం. ఆ దేవుణ్ణి ఎందుకు మధ్యలోకి లాగావు? ముందు నీ పేరే అక్కా అని ఎందుకన్నావు?

ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడనుకుంటా. నాకు జాలి రాలేదు. రాకపోవడం చూసి భయమేసింది.

నవంబర్ 16

మురళితో లెక్కలేస్తూ కూర్చున్నాం — రోజుల లెక్కలు. ఉద్యోగం పోయిన రోజు నుంచి అరవై రోజులు. ఆలోపు ఇంకో కంపెనీ వీసా ట్రాన్స్‌ఫర్ చేయాలి, లేదంటే దేశం వదలాలి. మురళి వర్క్ పర్మిట్ నా వీసా మీదే నడుస్తోంది. నేను పడితే ఇద్దరం పడతాం. మా అమ్మాయి మేఘన ఇక్కడ పుట్టింది కాబట్టి దానికి ఒక్కదానికే ఏ బాధా లేదు. ఐదో క్లాసు పిల్లని ఒక్కదాన్నే ఈ క్యారీ ఊళ్ళో ఉంచి వెళ్తామా.

అది మెట్ల మీద నుంచి వింటోంది. "అమ్మా, వీ ఆర్ నాట్ మూవింగ్, రైట్?" లేదమ్మా అన్నా. అబద్ధం ఎంత సులువుగా వస్తుందో! ఫణిని ఏమన్నా అనేముందు నన్ను నేను చూసుకోవాలి కాబోలు. చూసుకోను. వాడిది వేరు.

నవంబర్ 18

ఏడింటి కాల్. వాడు వచ్చాడు, నేను వచ్చాను. "గుడ్ మార్నింగ్ మేడం."

అక్క పోయింది.

గంటన్నర చెప్పా. బాగానే చెప్పా. చెడగొట్టి చెప్పడం చాతకాదు నాకు, అదొక రోగం.

నవంబర్ 24, సోమవారం

లిండా వచ్చింది. ఆఫీసు తలుపు దగ్గరే కౌగిలించుకుంది. నా జీవితంలో బెస్ట్ డే అంది, నువ్వు మెజీషియన్‌వి అంది. ఆ పొగమంచులోంచి తాజ్ కొంచెం కొంచెం బయటికొస్తుంటే టామ్ ఏడ్చాడట. నేనూ తలూపుతున్నా. ఎలా ఉంది ఇత్మాద్-ఉద్-దౌలా అని అడిగా! సిగ్గులేని నోరు. నిజంగా తెలుసుకోవాలనిపించింది. "చాలా చిన్నది, కానీ వదిలి రావాలనిపించలేదు" అంది.

ఫణి పేరు ఎత్తలేదు. ఫొటోలు నా ఫోన్‌కే వస్తాయని ఈవిడకి తెలుసు. రఫీక్ తీశాడు, రఫీక్ నాకే పంపుతాడు. అంటే నేను చూశానని తెలిసే కౌగిలించుకుందా? లేక ఆ మూడో మనిషి ఎవరో నాకు పట్టదనుకుందా? ఏది నిజమైనా నాకు ఒకటే మంట.

నవంబర్ 25

అడిగేశా. తలుపేసి నిలబడే అడిగా. జనవరి నుంచి నా టీమ్ ఫణిదా?

"ఎవరు చెప్పారు?" అంది.

కాదు అనలేదు. ఎవరు చెప్పారు అంది.

ఆరేళ్ళు. వాళ్ళమ్మ ఆపరేషన్‌కి నేను పులిహోర చేసి పట్టుకెళ్ళా. దసరాకి మా ఇంటికొచ్చి బొమ్మల కొలువు ముందు చెప్పులు విప్పి కూర్చుంది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని అమ్మమ్మ ఎందుకనేదో ఇప్పుడు తెలిసింది.

రేపు కూర్చుని మాట్లాడదాం అంది. కళ్ళల్లో నీళ్ళు కూడా తిప్పుకుంది. అందరూ నా ముందే ఏడుస్తున్నారేంటో! నాకు మాత్రం రావట్లేదు.

నవంబర్ 26, బుధవారం

లిండా, హెచ్ఆర్ పిల్ల, నేను.

మార్చి నెలాఖరు దాకా ఉద్యోగం ఉంటుందట. "ట్రాన్సిషన్ సాఫీగా జరిగితే." జరగకపోతే జనవరితోనే సరి. సాఫీగా అంటే — నేను జనవరిలో రెండు వారాలు హైదరాబాద్ వెళ్ళి కొత్త టీమ్‌కి ఎదురుగా కూర్చుని నేర్పాలి. ఫణి అడిగాడట, మేడం వస్తే బాగుంటుందని.

నా పాస్‌పోర్టులో వీసా స్టాంప్ గడువు ఎప్పుడో అయిపోయింది. వెళ్తే కాన్సులేట్‌లో కొత్తది వేయించుకునే రావాలి, మార్చిలో పోయే ఉద్యోగం చూపించి. ఇవ్వకపోతే, లేక నెలలు ఆపేస్తే — నేను అక్కడ, మురళి, మేఘన ఇక్కడ. వెళ్ళకపోతే జనవరిలోనే అరవై రోజుల గడియారం మొదలు.

ఇదంతా లిండాకి చెప్పా. విన్నది. చెయ్యి పట్టుకుని చాలా మెల్లిగా అంది, ఏదో బహుమతి ఇస్తున్నట్టు —

"వెళ్తే ఒకరోజు సెలవు తీసుకో. ఆగ్రా వెళ్ళు, నీ రఫీక్‌తో. కంపెనీయే పంపిస్తుంది. నువ్వెప్పుడూ చూడలేదట కదా, ఫణి చెప్పాడు."

నవంబర్ 27. థాంక్స్ గివింగ్.

సెలవు. వీధి అంతా కార్లు, ఇంటింటికీ చుట్టాలు. మేం ముగ్గురమే. మురళి బగారా అన్నం చేశాడు.

"పోకు. వాళ్ళ మొహాన కొట్టు" అన్నాడు. అన్నం తిన్నాక — "పోతే ఇంకో రెండు నెలలైతే దొరుకుతయి, సూడు" అన్నాడు. అంతలోనే — "పోతే నువ్వు మళ్ళ రాకుంటే?" ఆయనా మనిషే కదా, ఎన్ని వైపులని ఆలోచిస్తాడు.

నవంబర్ 28

రాయాలని లేదు. కానీ ఇది ఎవరికీ చెప్పుకోలేను, కాబట్టి ఇక్కడ.

లిండా ఆ మాట అన్నప్పుడు లేచి బయటికి రావాల్సింది. బల్ల మీద ఒక్కటి చరచాల్సింది. నేనేం చేశానో తెలుసా — జనవరిలో కూడా పొగమంచు ఉంటుందా అని ఆలోచించా. ఒక్క క్షణమే. ఒక్క క్షణం నేను అక్కడ ఉన్నా, బూట్లకి తెల్ల సంచులు తొడుక్కుని.

వాళ్ళు చేసింది క్షమించగలనేమో ఎప్పటికైనా. ఆ క్షణాన్ని ఎలా క్షమించాలో తెలియట్లేదు.

సోమవారం లోపు జవాబు చెప్పాలి. ఇందాక మురళి గుమ్మంలో నిలబడి అడిగాడు — ఏం చెప్తున్నవ్? నిన్నటి బగారా గిన్నె అడుగంటింది, గీకుతూ నిలబడ్డా. మళ్ళీ అడిగాడు. వినపడనట్టు నీళ్ళు ఇంకా జోరుగా వదిలా.