పెట్టె మీది వెంకన్న

తిరుపతి,
మే 14, 2024.

ఆదిమూలానికి, వదిన ఆశీస్సులు.

ఫోన్‌లో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు కనుక ఉత్తరం రాస్తున్నాను. ఈ శనివారం పదింటికి నా మనవరాలు కోమలి టీవీలో స్వామి కీర్తన పాడుతుంది. ప్రత్యక్ష ప్రసారమట, మళ్లీ వెయ్యరు. మా టీవీ చూస్తే అరగంటకే ఆగిపోతోంది.

బాగుచేసే మనిషి వచ్చి, సెట్‌టాప్ బాక్స్ తాకి చెయ్యి లాక్కున్నాడు.

"దీని మీద దోసె పోయచ్చమ్మా! గాలాడే కంతలు మూసి స్వామిని నిలబెట్టినారే!"

నిలబెట్టింది నువ్వు. పోయిన నెల పట్టుబట్ట పరిచి, ఇత్తడి వెంకన్నను పెట్టి, "నేనొచ్చేదాకా ఆడ్నించి కదిలించొద్దు వదినా, అరిష్టం" అని వెళ్లావు. తన కీర్తన తానే ఆపుకునే దేవుణ్ణి నేనెక్కడా చూడలేదు. ఈ ఎండల్లో పొయ్యి మీద నిలబడడం ఆయనకు మాత్రం సుఖమా?

అందుకే పొద్దున ఆయన్ని కిటికీలోకి మార్చాను. టీవీ అప్పటినుంచీ ఆగలేదు. అరిష్టం కూడా ఇంకా రాలేదు.

ఇక జరగవలసినవి:

1. శనివారం చిత్తూరులో మొదటి బస్సెక్కి రా. పాట అయ్యేదాకా నోరు మెదపకు.

2. పట్టుబట్ట ఉతికి పెట్టాను. తీసుకుపో.

3. స్వామి కిటికీలోనే ఉంటాడు. ఇన్నాళ్లూ పాపం టీవీకి వీపు పెట్టి నిలబడ్డాడు. ఇప్పుడు ముఖం అటు తిప్పాను. కోమలి పాట ఆయన కూడా చూడాలి.