నన్నీ బీకి రావలసిన చప్పట్లు

'నడక నేస్తం' పథకం జిల్లా అధికారి గారి సముఖమునకు, కడప.

ఎర్రగుంట్ల స్టేషన్ రోడ్డు నివాసి, గ్రంథాలయ ఉద్యోగి, ఎం.ఏ. (తత్వశాస్త్రం), వయస్సు 46 సంవత్సరములు గల మహాదేవి వ్రాసుకొను అర్జీ.

విషయం: నా ఫోనులో నమోదై ఉండిన పొరుగింటి నన్నీ బీ పేరును 'ఆసక్తి చూపనందున' పథకం నుండి తొలగించిరి. సదరు తొలగింపును రద్దు చేయుట, అందుకు గల అసలు కారణమును తెలుపుట గురించి.

అయ్యా,

1. గత జూన్‌లో మా వీధి అంగన్‌వాడీలో జరిగిన రక్తపరీక్షల శిబిరంలో నాకునూ నన్నీ బీకినీ ఒకే పూట పరీక్ష చేసిరి. రక్తంలో చక్కెర మూడు నెలల సగటు నాకు 6.0, ఆమెకు 6.2 వచ్చినది. ఇది షుగరు జబ్బు కాదనీ, దానికి ముందు మెట్టు అనీ, నడకా తిండీ సరిచేసుకుంటే వెనక్కు మళ్లవచ్చుననీ నర్సమ్మ గంగక్క చెప్పినది. ఆమె మాటల్లోనే మనవి చేస్తాను: "షుగరు గడప కాడికొచ్చి నిలబడిండాదమ్మా. లోపలికి పిలుస్తారో, పొమ్మంటారో మీ ఇష్టం." నన్నీ బీ వెంటనే, "మా అమ్మ లోపలికి పిల్చి కూర్చోబెట్టింది గంగక్కా. అది పోతా పోతా ఆమె కాలెత్తుకోని పాయె," అన్నది. అక్కడున్న వాళ్లంతా నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు.

2. నన్నీ బీ భర్త ఖాజా మొహిద్దీన్ సిమెంటు లారీ నడుపును. ఇంట్లో ఉన్న ఒక్క టచ్ ఫోనూ అతని వెంట పోవును. కావున గంగక్క ఇద్దరి పేర్లనూ నా ఫోనులోనే ఎక్కించి, ఇద్దరి చేతులకూ అడుగులు లెక్కపెట్టే పట్టీలు కట్టి పోయినది. పట్టీని ఫోను దగ్గరకు తెస్తే ఆ రోజు నడిచిన అడుగులు అందులోకి ఎక్కును. ఆరువేలు దాటి ఉంటే ఫోను చప్పట్లు కొట్టును. వెంటనే పేరుతో సహా ఒక మెచ్చుకోలు సందేశం వచ్చును. నన్నీ బీకి ఉర్దూ అక్షరాలు వచ్చును గానీ తెలుగు చదవడం రాదు. రోజూ సాయంత్రం మా ఇంటికి వచ్చి చెయ్యి చాపేది. నేను చదివి వినిపించేదాన్ని. ఒకరికి రావలసిన మెచ్చుకోలును ఇంకొకరి నోటితో పంపడంలో ఉన్న ప్రమాదం ఆనాడు గంగక్కకు తోచలేదు, నాకూ తోచలేదు.

3. తమ యాప్ మీద నాకు ఇతర ఫిర్యాదులు కూడా గలవు. తిండి పట్టికలో ఓట్సు ఉన్నది, కొర్రన్నం లేదు. ఉగ్గాని అని రాస్తే 'ఈ ఆహారం మాకు తెలియదు' అంటుంది. జూన్ నెల మధ్యాహ్నం రెండు గంటలకు 'లేచి ఒక చుట్టు నడిచి రండి' అంటుంది; మా ఊరి ఎండలో ఆ వేళకు కుక్కలు కూడా లేవవు. పట్టీ కింద చెమటకు దద్దురు లేస్తుంది. అందుచేత నేను దాన్ని తరచు విప్పి ఫ్రిజ్జు పైన పెట్టేదాన్ని. ఇవన్నీ నిజమే గానీ ఈ అర్జీ వీటి గురించి కాదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక రాశాను.

4. నన్నీ బీ పగలంతా కుట్టుమిషను ముందు కూర్చునే మనిషి. అలాంటిది, తెల్లవారగానే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, లారీలు లేపే దుమ్ములో రైలు గేటు దాకా పోయి వచ్చేది. మొదటివారంలోనే సందేశం వచ్చింది: 'భేష్ నన్నీ బీ గారూ! ఈ రోజు మీవి 6,840 అడుగులు. మిమ్మల్ని చూసి మాకు గర్వంగా ఉంది.'

"ఇంగోసారి సదువక్కా," అన్నది.

చదివాను.

"నన్ను 'గారూ' అంటాండారు సూడక్కా. పుట్టినకాణ్ణించి ఎవురన్నా అన్యారా? మా ఆయప్ప అయితే 'ఏమే' అనేదానికే నోరు నొప్పి అంటాడు."

నాకు కూడా ఆ సాయంత్రం ఒక సందేశం వచ్చింది. 'మహాదేవి గారూ, రేపు మళ్లీ ప్రయత్నించండి.' బడి మొదలు విశ్వవిద్యాలయం వరకు ఒక్క పరీక్షలోనూ రెండవ స్థానం ఎరుగని దాన్ని. ఆ సందేశం బయటికి చదవలేదు.

5. ఇది అసూయ అవునా కాదా అని నేను చాలా రోజులు విచారించాను. సందేహించడమే నా చదువు నాకు నేర్పిన పని. ఆమె ఆరోగ్యం చెడిపోవాలని నేను కోరుకున్నానా? లేదు. ఆమె నడక నాకు కావాలా? అదీ అక్కరలేదు, కావాలంటే నాకూ కాళ్లున్నాయి, అదే వీధి ఉంది. నేను కోరుకున్నదల్లా, ఒక్క సాయంత్రం ఆమె చెయ్యి చాపినప్పుడు ఫోను ఊరకే ఉండిపోవాలని. దీనికి తత్వశాస్త్రంలో గౌరవమైన పేరు ఏదైనా ఉందేమోనని వెదికాను. దొరకలేదు.

మా ఆయన రామాంజి ఒకరోజు కాఫీ తాగుతూ కిటికీలోంచి ఆమెను చూసి, "ఆయమ్మ ఎంత సన్నబడిండాది, ఎంత ఉషారుగా పోతాండాది! నువ్వు గూడా ఎంట పోగూడదా?" అన్నారు. ఆ నెలలో ఆయన నాతో మాట్లాడిన మాటల్లో అదే అన్నిటికంటే పొడుగుది.

6. తదుపరి జరిగినది తేదీల వారీగా. జూలై పన్నెండున సందేశం చదివేటప్పుడు 'గారూ' అన్న మాట వదిలేశాను. పదిహేనున 'భేష్' బదులు 'పరవాలేదు' అని చదివాను. పంతొమ్మిదిన మొత్తం సందేశాన్ని 'సరే, ఎక్కింది' అన్న రెండు ముక్కలకు కుదించాను.

జూలై ఇరవై ఒకటిన ఆమె చెయ్యి చాపగానే ఫోను చప్పట్లు కొట్టింది.

"నాకేనా అక్కా?"

"కాదు. నాకు," అన్నాను.

అంత సులభంగా నోటికి వచ్చింది. నన్నీ బీ ఒక్క నిమిషం నన్ను చూసి, "అట్లనా! భేష్ మహాదేవక్క గారూ!" అని, తన రెండు చేతులతో నాకు చప్పట్లు కొట్టింది. అయ్యా, నేను ఆ చప్పట్లకు కూడా నవ్వుతూ తల ఊపితిని.

ఇరవై తొమ్మిదవ తేదీ వరకు, తొమ్మిది సాయంత్రాలు, ఆమెకు వచ్చినవి నేను తీసుకున్నాను. పదవనాటి నుంచి ఆమె రావడం మానుకున్నది. పొద్దున నడకకు పోవడమూ మానుకున్నది. అడిగితే, "శ్రావణం పెండ్లిండ్ల రైకలు శానా ఉండాయక్కా, తీరడంల్యా," అన్నది. నేను నమ్మాను. నమ్మడం నాకు సౌకర్యంగా ఉండినది.

7. సెప్టెంబరులో తిరిగి పరీక్ష చేసిరి. నాకు 6.0. ఆమెకు 6.4. ఇంకొక్క గీత పెరిగితే గడప దాటినట్లేనని గంగక్క చెప్పినది. ఆ వెనుకనే తమ కార్యాలయం నుండి కాగితం వచ్చినది: ముప్పై రోజులుగా అడుగులు నమోదు కానందున, అనగా 'ఆసక్తి చూపనందున', నన్నీ బీ పేరు తొలగించడమైనది, ఈ నెలాఖరులోగా పట్టీ వాపసు చేయవలెను, డిసెంబరు పరీక్షకు ఆమెను పిలవడం జరగదు.

ఇప్పుడు రాయబోయే వాక్యం కోసమే ఈ కాగితమంతా. ఆ 6.4 చూసినప్పుడు నాకు మొదట కలిగింది బాధ కాదు. ఈసారి నేను ముందున్నాననిపించింది. ఆమె తల్లి కాలు ఆ తర్వాత గుర్తుకొచ్చింది. ఈ రెంటి నడుమ ఎంతసేపు గడిచిందో కొలిచే పట్టీని తమరు ఇంకా తయారు చేయలేదు. అది నా అదృష్టం.

8. కావున తమరిని వేడుకొనునది: నన్నీ బీ పేరు తిరిగి చేర్చి, డిసెంబరులో ఆమెను పరీక్షకు పిలువవలెను. జూలై ఇరవై ఒకటి నుండి ఇరవై తొమ్మిది వరకు ఆమెకు వచ్చిన తొమ్మిది సందేశాలనూ గంగక్క చేత, 'గారూ' అన్న మాటతో సహా, ఆమె ఎదుట చదివించవలెను. 'ఆసక్తి చూపనందున' అన్న మాటను ఆమె పేరు పక్కన కొట్టివేయవలెను. ఆమె చూపిన ఆసక్తిని మింగినది నేను. పట్టీ ఎవరిదైనా ఒకటి వాపసు కావలెనంటే నాది తీసుకొనవలెను. అది కొత్తదానిలాగే ఉన్నది.

చదువుకున్న దాని అర్జీ కదా అని పైపైన చూడక, ఆరవ అంశమును మాత్రం రెండుసార్లు చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
మహాదేవి

తా.క. నన్నీ బీ సమ్మతి సంతకం కూడా ఉండాలని గంగక్క చెప్పినందున, పై అర్జీని ఈ పొద్దున ఆమె మిషను పక్కన కూర్చుని చదివి వినిపించాను. ఒక్క మాట కూడా తగ్గించలేదు. ఆమె మిషను ఆపలేదు. అంతా విని దారం కొరికి, "నాకు తెల్సు గదక్కా," అన్నది.

"ఎట్లా తెలుసు?"

"నీ పట్టీ ఫ్రిజ్జు మింద ఉండె. ఫ్రిజ్జు నడుస్తాదా యాడన్నా?"

"మరి ఆ రోజే అడగకపోయావా? నడక ఎందుకు మానుకున్నావు?"

"నా పేరొచ్చినప్పుడంతా నీ మొగం మాడిపోతాండె. ఆ సప్పట్లు నీవి అంటే ఎలిగిపోతాండె. సరే తీసుకోనీలే అనుకుంటి. మళ్ల నువ్వే నా కండ్లలోకి చూసేది మానుకుంటివి. ఫోనుదేముండాది, నేను గాకుంటే ఇంగొకరికి కొడ్తాది. నువ్వు గోడ పక్క మనిషివి. నా నడక వల్ల నువ్వు నాతో మాట్లాడేది ఇడిస్తే నేను యాడికి పోవాల?"

తర్వాత నా పెన్ను తీసుకుని ఉర్దూలో సంతకం పెట్టి, "రేపు పొద్దున ఆరింటికి గేటు కాడుండు. పట్టీ ఫ్రిజ్జుకు కట్టొద్దు, నీకు కట్టుకో," అన్నది.

అయ్యా, ఇందులో కూడా ఆమెకే మొదటి స్థానం వచ్చింది. ఇంటికి వచ్చి కాసేపు ఏడ్చాను. ఆ ఏడుపులో కొంత సిగ్గు, కొంత కృతజ్ఞత. మిగిలినదేమిటో తమరు ఈపాటికి గ్రహించే ఉంటారు. రేపు ఆరింటికి పోతాను. ఈ చివరి నాలుగు ముక్కలు మాత్రం ఆమెకు చదివి వినిపించలేదు.