శనివారం మా అబ్బాయి అంత్యక్రియలకు ఎవరినీ రానివ్వవద్దని

వ్రాయునది: లవోన్ ఓస్టర్‌బర్గ్, భర్త గేలన్ ఓస్టర్‌బర్గ్, వృత్తి స్కూలు బస్సు నడుపుట, నివాసం స్వీబర్గ్ ఊరు, మెరిడెల్ కౌంటీ, నెబ్రాస్కా రాష్ట్రం.

షెరీఫ్ రాడ్నీ పెషెల్ గారి సముఖమునకు.

అయ్యా,

విషయం: రాబోవు శనివారంనాడు స్వీబర్గ్ లూథరన్ చర్చి వద్ద నా కుమారుని అంత్యక్రియల సమయమున గుమిగూడుటకు ఇరుపక్షముల వారికి తమ కార్యాలయము ఇచ్చిన అనుమతులను రద్దు పరచుట గురించి.

పై విషయమును పురస్కరించుకొని తమకు సవినయముగా మనవి చేసుకొనునది ఏమనగా:

1. నా కుమారుడు జారెడ్ ఓస్టర్‌బర్గ్, వయసు ఇరవై నాలుగు, ఊరి అగ్నిమాపక దళంలో జీతం లేని సభ్యుడు, గత గురువారం సహకార సంఘం వారి ఇనుప గాదెలో మొక్కజొన్న గింజల కింద పడి మరణించిన సంగతి తమకు విదితమే. విదితమే ఏమిటి, తాడు పట్టుకుని లాగినవాళ్లలో తమరూ ఉన్నారు. గింజల్లో ఛాతీదాకా కూరుకుపోయిన ఎఫ్రాయిన్ అనే పనివాడికి నడుముకు పట్టీ బిగించి, వాణ్ణి ముందు పైకి పంపి, రెండో తాడు కోసం మావాడు కింద ఆగాడు. తాడు దిగేలోపు గోడకు అంటుకున్న గింజంతా ఒక్కసారిగా విరిగి పడింది. ఈ విషయములో నాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు. వాడు చెయ్యాల్సిందే చేశాడు. నా ఫిర్యాదు ఆ తర్వాత జరిగినదాని మీద.

2. ఆఖరి తూర్పార సభ అనువారు ఒకే ఇంటివారు. తాత, కొడుకులు, కూతుళ్లు, మనవలు, అంతే. వారి పని చావులకు పోవుట. ఎవరు చచ్చినా సరే, దేవుడు ఈ దేశాన్ని చేటలో పోసి చెరుగుతున్నాడనీ, చచ్చినవాడు ఊక అనీ అట్టల మీద రంగులతో రాసుకుని, చర్చి ఎదుట నిలబడి నవ్వుతూ పాటలు పాడుదురు. పసిపిల్లల చావులకు కూడా పోయినారు. వారి అట్టలు టీవీలో చూసి "ఛీ" అని చానెల్ మార్చినదాన్నే నేనూ. మన గుమ్మం ముందుకొస్తే తప్ప మనకేం పట్టదు గదా.

3. వీరికి విరోధులు కొందరు కంప్యూటర్లలో ఉన్నారు. ఊరూ పేరూ చెప్పరు, బయటికొస్తే అందరూ ఒకే రకం తెల్ల మాస్కు తగిలించుకుని వస్తారు. ఏడాదిగా వీరికీ వారికీ పోరు. ఉద్దేశం మంచిదే, నేను కాదనను. అయితే క్రిందటి శుక్రవారం ఈ మాస్కుల వారు సదరు సభవారి వెబ్ పేజీలోకి దొంగతనంగా జొరబడి, ఎగతాళి కోసం "మేము త్వరలో హాజరగు చావులు" అని ఒక పట్టిక పెట్టినారు. అందులో మొదటిది ఎక్కడో మూతపడిన ఐస్‌క్రీమ్ కొట్టు. మూడోది ఒక మేయరు గారి కుక్క. రెండోది నా కొడుకు. ఎవరో వార్తల్లోంచి తీసి, తేదీ, చర్చి పేరుతో సహా అతికించారు. చేతికి దొరికింది, అతికించారు.

4. అప్పటివరకు సభవారికి మా ఊరు ఉన్నదనే తెలియదు. ఇది నేను ఊహించి రాయడం లేదు, స్వయముగా ఫోను చేసి కనుక్కున్నాను. తాతగారి కూతురు కెతూరా అనునామె ఎత్తినది. ఆమె మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయుచున్నాను.

"నిజం చెప్తున్నానమ్మా, మీ అబ్బాయి సంగతే మాకు తెలీదు. ఆ శనివారం మేం వేరే ఊరు పోదామనుకున్నాం."

"అయితే ఆ వేరే ఊరే పోండి."

"ఇప్పుడెలా కుదురుతుంది? శత్రువు చేత్తోనే దేవుడు మాకు దారి రాసి పెట్టాడంటున్నాడు మా నాన్న. పైగా రాకపోతే ఆ మాస్కులోళ్లకి జడిసి మానేశారంటారు."

"మీ నాన్నని పిలువు."

"మందులేసుకుని పడుకున్నాడమ్మా." తర్వాత గొంతు తగ్గించి, "శనివారం ఎండ బాగా ఉంటుందేమో, పిల్లల్ని తెస్తున్నాం. చర్చి దగ్గర నీడేమైనా ఉంటుందా?" అంది.

"ఉత్తరం పక్క ఉంటుంది" అన్నాను. అయ్యా, నా నోటితో నేనే చెప్పాను. అడిగితే చెప్పడం అలవాటైపోయింది. నా నోరు పడిపోను!

5. సభవారు వస్తామని ప్రకటించిన వెంటనే మాస్కుల వారు "అమాయకపు తల్లిని కాపాడదాం" అని పిలుపు ఇచ్చినారు. ఆ అమాయకపు తల్లి నేనేనని నాకు పక్కింటావిడ చెప్తే తెలిసింది. వారి పేజీలో నా నంబరు పెట్టి "దయచేసి మాట్లాడండి" అని రాశాను. ఎవడో కుర్రాడు ఫోను చేశాడు. పేరు చెప్పలేదు. మర్యాదస్తుడే.

"మీ తరఫున పోరాడుతున్నామండీ ఆంటీ. నాలుగు వేలమంది వస్తామని నొక్కారు. నిజంగా వచ్చేది ఆరేడు వందలమంది ఉంటారు."

"మా ఊరి జనాభాయే మూడొందలు నాయనా."

"అందుకేనండీ! వాళ్ల పాటలు మీకు వినపడకుండా డప్పులూ బూరలూ తెస్తున్నాం."

"మరి మా పాస్టరు గారి మాటలు?"

"ఆయన మాటలాండీ?"

"వినపడతాయా, లేదా?"

"స్పీకర్లు పెట్టిద్దామండీ. చందాలు మేం పోగేస్తాం."

"మావాడి పేరు ఆ పట్టికలో పెట్టిందెవరు?"

"మాలో ఎవరో. నిజంగా తెలీదండీ. మాకు పెద్ద అంటూ ఎవరూ ఉండరు."

"తప్పయిందని చెప్పడానికైనా ఒకడుండాలి కదరా!"

అప్పుడు వాడు ఏడ్చాడు, అబద్ధం చెప్పను. "నేను చెప్తున్నానండీ, తప్పయింది" అన్నాడు. "మరి ఆపెయ్" అన్నాను. "నేనాపితే ఆగదండీ" అన్నాడు. ఆ మాట నిజమని గొంతులోనే తెలిసిపోయింది. ఇంక వాణ్ణి ఏం తిట్టను?

6. సోమవారం ఉదయం తమ కార్యాలయమునకు వచ్చియుంటిని. సభవారికి రోడ్డుకు ఉత్తరపు వైపు, మాస్కుల వారికి దక్షిణపు వైపు, మధ్యన శవవాహనము పోవుటకు దారి అని గోడ మీద పటం గీసి పెట్టియున్నారు. వారిద్దరూ ముందుగా దరఖాస్తు చేసుకొనిరట. మేము చేసుకోలేదట. జనం యాభై మందికి మించితే కార్యక్రమ నిర్వాహకులు కూడా అనుమతి పొందవలెనట. నిర్వాహకురాలిని నేనట. తమ ఆఫీసులో కూర్చునే అమ్మాయి ఒక కాగితం ఇచ్చింది. కార్యక్రమంలో తినుబండారములు అమ్మబడునా? వాద్యములు ఉండునా? ఇది ప్రతి సంవత్సరము జరుగు కార్యక్రమమా?

"ఇక్కడేం రాయమంటావే?" అని అడిగాను.

"కాదని రాయండి లవోన్" అని ఆ పిల్ల తల తిప్పుకుంది. దాన్ని తమరు ఏమీ అనవద్దు. కాగితం అది తయారు చేసింది కాదు.

7. చర్చిలో వంట చేయు ఆడవారికి కూడా ఇక్కట్లు కలుగుచున్నవి. మన దగ్గర చావుకు వచ్చిన మనిషి తినకుండా పోకూడదు గదా. వంట చూసుకునే మార్లిస్ మా వంటింట్లో కూర్చుని, "ఎంతమందికి వండమంటావ్? ఆ మాస్కులోళ్లు తింటారా?" అంది.

"మాస్కు తీస్తే తింటారు."

"మరి ఆ అట్టలవాళ్లో?"

"పిల్లలున్నారట."

"పిల్లలుంటే ఎలా కాదంటాం? ఇంకో రెండు హామ్‌లు పెడతా, బంగాళాదుంపలు పెంచుతా" అంది. ఏడుస్తూనే పెదవులతో లెక్కపెట్టుకుంటోంది. నేను పగలబడి నవ్వాను. మావాడు పోయాక నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు ఎంతకీ ఆగక మార్లిస్ నా వీపు మీద చరిచింది.

8. ఎఫ్రాయిన్ రానన్నాడు. ఆసుపత్రికి వెళ్లి అడిగాను. పక్కటెముకలు విరిగి మంచం మీద ఉన్నాడు, ఇద్దరు బిడ్డల తండ్రి. "నా ఫోటో రెండు పక్షాల దగ్గరా ఉందమ్మా. ఒకళ్లు నా కోసం ఒకడు చచ్చాడు, ఇది శాపం అంటున్నారు. ఇంకొకళ్లు నన్ను పట్టుకుని హీరో అంటున్నారు. నేనెక్కడ నిలబడను? ఏ మొహం పెట్టుకుని రాను?" అన్నాడు. అయ్యా, మావాడు చివరిగా చూసింది ఆ మొహాన్నే. ఆ మనిషి లేకుండా నేను నా కొడుకును మట్టి చేయలేను. ఈ ఒక్క సంగతి తమరికి ఏ చట్టంలో కనిపించినా కనిపించకపోయినా నాకు కావాలి.

9. నా భర్త గేలన్ గురువారం నుండి సరిగా మాట్లాడుట లేదు. నిన్న ఒక్కమాట అన్నాడు. "మనవాణ్ణి మనకిస్తారా, లేదా?" అని. ఎవర్ని అడిగాడో నాకు తెలియదు. కాబట్టి తమరిని అడుగుచున్నాను.

కావున తమరు దయయుంచి, శనివారంనాటికి ఉత్తరపు వైపు వారిని, దక్షిణపు వైపు వారిని, టీవీ వారిని, ఫోన్లు ఎత్తి పట్టుకుని వీడియో తీయువారిని చర్చికి కనీసం ఒక మైలు దూరమున నిలువరించవలెను. నాకు కాపాడేవాళ్లు వద్దు, శపించేవాళ్లు వద్దు. వాడి పేరు పాస్టరు గారు పైకి చదవాలి, వాణ్ణి ఎరిగినవాళ్లు వినాలి. ఒక్క గంట. ఇన్ని ఊళ్ల జనం కలిసి నాకు ఒక్క గంట ఇవ్వలేరా?

ఇన్ని మాటలను చిత్తగించి, కుదురునో కుదరదో సూటిగా సెలవివ్వవలెను.

తమ విధేయురాలు,
లవోన్ ఓస్టర్‌బర్గ్

తా.క.

రాడ్, ఇక తమరూ గిమరూ నావల్ల కాదు. నా బస్సులో వెనక సీటెక్కి చూయింగ్ గమ్ అంటించినవాడివి, నీకు ఇలాగే రాస్తాను.

పైదంతా సోమవారం రాశాను. ఇవ్వడానికి బయల్దేరేలోపు మంగళవారం నువ్వే వచ్చావు. మా గుమ్మంలో టోపీ చేత్తో పట్టుకుని నిలబడి, "నేనేం చెయ్యలేను లవోన్. మాట్లాడే హక్కు ఇద్దరికీ ఉంది. కోర్టుకెళ్తే నన్నే తిడతారు" అన్నావు. నిన్ను నోటికొచ్చినట్టు అన్నాను. నీ తప్పు లేదని తెలుసు. అయినా అన్నందుకు బాధపడటం లేదు, ఎవర్నో ఒకర్ని అనాలి కదా.

బుధవారం మధ్యాహ్నం వాణ్ణి పూడ్చేశాం.

మా పచ్చికబీట్లోనే, రోడ్డుకి కనపడని పల్లంలో. గొయ్యి గేలన్ తవ్వాడు. పాస్టరు గారు, మేమిద్దరం, ఎఫ్రాయిన్. అవును, వచ్చాడు. ఆసుపత్రివాళ్లు వద్దంటున్నా లేచి వచ్చాడు. వంగలేక మోకాళ్ల మీద కూర్చుని మట్టి వేశాడు. నేను ఎఫ్రాయిన్ తల పట్టుకుని ఉన్నాను. పాట ఎత్తలేదు, గాలికి రోడ్డు మీదికి పోతుందని. పాస్టరు గారు వాక్యమంతా గుసగుసగానే చదివారు. నా కొడుకు పేరు చెవిలో రహస్యం చెప్పినట్టు చెప్పారు. దొంగసొమ్ము దాచినట్టు దాచాను రాడ్ నా బిడ్డని.

ఇప్పుడు అర్జీలో అడిగినవేవీ నాకు అక్కర్లేదు. శనివారం వాళ్లని రానీ, అరుచుకోనీ. శవాల బండాయన ఖాళీ పెట్టెతో వస్తానని ఒప్పుకున్నాడు. నువ్వు ఎప్పటిలాగే బండి ముందు నడువు. నేను నల్లబట్టలు కట్టుకుని ముందు వరసలో కూర్చుంటా. మార్లిస్ వండినది ఎవరొచ్చినా పెడుతుంది. నువ్వు మాత్రం ఎవరితోనూ అనకు, మీ ఆవిడతో కూడా. సొంత నేలలో పూడ్చడం చట్టానికి విరుద్ధమంటే ఆదివారం వచ్చి నన్ను తీసుకుపో, మాట్లాడకుండా వస్తాను.

రాయి పెట్టలేదు. పెడితే ఎవడో ఒకడు ఫోటో తీస్తాడు, దారి చెప్తాడు, అట్టలవాళ్లు ఒక రోజు, పూలు పట్టుకుని మాస్కులవాళ్లు ఒక రోజు. అందుకని గేలన్ ఆ పక్కనుంచి పచ్చికను దిమ్మలుగా కోసి పైన పరిచాడు. అతుకులు కలిసిపోయి, అక్కడ ఏమీ లేనట్టు కనపడాలని పొద్దునా సాయంత్రమూ నీళ్లు మోసి పోస్తున్నాడు.