పేషెంటుకి రెండు నిక్కర్లు

ఫోన్ విముక్తి కేంద్రం సలహాదారు గారికి,

టైలరు రాసుకునేది.

అయ్యా, ముందుగా నా దస్తూరీని మన్నించాలి. పలకా బలపం దగ్గరే ఆగిన చదువు. సుద్దముక్కతో గుడ్డ మీద గీతలు గీసే చెయ్యి, కాగితం మీదికొస్తే వంకర పోతుంది. తప్పులుంటే మీరే దిద్దుకుని చదవండి.

మీ కరపత్రం ఎవరో మా దుకాణం తలుపు కింద నుంచి లోపలికి తోశారు. "మీ ఇంట్లో ఎవరైనా ఫోన్ వదలడం లేదా? మాకు రాయండి" అని ఉంది. వదలడం లేదు. అందుకని రాస్తున్నాను.

ఆ మనిషి మా ఆవిడ.

మాది ఒకటే గది దుకాణం. నేను కత్తిరించి కుడతాను. కాజాలు, గుండీలు, కింది మడతలు ఆవిడవి. కొలతలు నేను తీసి చెబితే ఆవిడ రాసుకుంటుంది. నేను పెద్దగా మాట్లాడే మనిషిని కాను. "నడుము ముప్పై ఆరు" అంటాను. "పోయినసారి ముప్పై నాలుగేగా, ఏం తింటున్నారండీ?" అని ఆవిడ కస్టమరుని అడుగుతుంది. ఆయన నవ్వుతాడు. ముగ్గురం నవ్వుతాం. దుకాణం అలా నడిచింది.

మా అమ్మాయి ఆవిడకి ఫోన్ కొనిచ్చింది. అప్పటినుంచి చెవుల్లో తీగలు. నేను "ఛాతీ నలభై" అంటే గోడకి చెప్పినట్టే ఉంది. మొన్న ఒక బ్యాంకు మేనేజరు చొక్కాకి రెండు వైపులా కాజాలే కుట్టింది. గుండీ ఒక్కటీ లేదు. ఆయన చూసుకోకుండా వేసుకెళ్ళి, మీటింగంతా గుండెల మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడట. అక్కడున్నవాళ్ళు ఎంత నిజాయితీపరుడో అనుకున్నారట.

తనలో తను నవ్వుకుంటుంది. ఏమిటని అడగబోతే ఆగమని చెయ్యి ఎత్తుతుంది. నేను ఆగుతాను. ఆగడం నాకు బాగానే వచ్చు. కానీ ఇప్పుడు గదిలో మిషను చప్పుడు ఒక్కటే మిగిలింది. ఆవిడ మాట నాకు మళ్ళీ కావాలి. ఏం చెయ్యమంటారో సెలవివ్వండి.

ఇట్లు,
టైలరు

తా.క.: గోడకి చెప్పినట్టు అన్నాను. గోడే నయం. మేకు కొడితే టక్కుమంటుంది.

•

ప్రియమైన తండ్రి గారికి,

నమస్తే! మీ ఉత్తరాన్ని ఆమూలాగ్రం శ్రద్ధగా చదివాను.

మీ అబ్బాయి సమస్య నాకు పూర్తిగా అర్థమైంది. ఆ వయసు పిల్లలకి ఇది మామూలే. కోప్పడకండి, చెయ్యి చేసుకోకండి. భోజనాల వేళ ఫోన్ తీసి వాడికి అందనంత ఎత్తులో పెట్టండి. చెప్పిన పని పూర్తి చేస్తే భుజం తట్టి, నలుగురి ముందూ "శభాష్" అనండి. పిల్లలు మెప్పుకోలుకి పడి చస్తారు. సాయంత్రం చెయ్యి పట్టుకుని పార్కుకి తీసుకెళ్ళండి, ఉయ్యాల ఎక్కించి ఊపండి. ఫలితం మీకే తెలుస్తుంది.

ధైర్యంగా ఉండండి. మేమున్నాం.

మీ,
ముఖ్య సలహాదారు

తా.క.: త్వరలో గొంతు మారుతుంది, మీసం మొలుస్తుంది. కంగారు పడకండి.

•

సలహాదారు గారికి,

టైలరు వినయంగా రాసేది.

మీరు అబ్బాయి అని రాశారు. మా ఆవిడ అని నేను రాసింది మీకు అలా కనబడిందంటే నా దస్తూరీ ఎంత ఘోరమో తెలుస్తోంది. లేకపోతే మీ వైద్యంలో అందరినీ అబ్బాయి అనే అంటారేమో. చదువుకున్నవారితో వాదన ఎందుకని, చెప్పింది చెప్పినట్టు చేశాను.

ఫోన్ తీసి అటక మీద పెట్టాను. ఆవిడ నాకంటే పొడుగు. పెట్టడానికి నాకు స్టూలు కావలసి వచ్చింది. తీసుకోవడానికి ఆవిడకి చెయ్యి చాలింది. దిగేటప్పుడు పడతానేమోనని స్టూలు కూడా తనే పట్టుకుంది.

ఒక ప్యాంటు మడత కుట్టాక, కస్టమరు ముందే భుజం తట్టి "శభాష్" అన్నాను. ఆవిడ చెవిలో తీగ పీకేసి, "ఏమైంది మీకు? జ్వరమా?" అని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. లేదు. కాస్త ఉన్నా బాగుండేది, చెయ్యి ఇంకొంచెంసేపు ఉంచేది.

పార్కుకి వెళ్ళాం. చెయ్యి పట్టుకోమన్నారు. వీధిలో మనుషులున్నారు, ధైర్యం చాలలేదు. మలుపు తిరిగాక చిటికెన వేలు పట్టుకున్నాను. ఉయ్యాల ఎక్కించాను. అది చిన్నపిల్లలది. ఎక్కింది గాని దిగలేకపోయింది. ఇద్దరు తల్లులూ ఒక వాచ్‌మనూ కలిసి లాగారు. నేను ఉయ్యాల పట్టుకున్నాను. ఇంటికొచ్చేదాకా నవ్వుతూనే ఉంది. ఫోన్ జోలికి పోలేదు. మీ మందు పనిచేసినట్టే ఉంది.

కానీ అయ్యా, ఇంకో సంగతి బయటపడింది. ఆవిడ చూసేది ఒక మనిషిని. నీలం చొక్కా. రోజూ ఫోన్‌లోకి వస్తాడు. "ఫోన్ పక్కన పెట్టండి, మీ పక్కనున్న మనిషి కళ్ళలోకి చూడండి" అని తేనె కారేట్టు చెబుతాడు. అది విని మా ఆవిడ ఫోన్‌ని కళ్ళకి ఇంకా దగ్గరగా పెట్టుకుంటుంది. "ఎంత చక్కగా మాట్లాడతాడో! ఈ ఇంట్లో ఒక్కరైనా..." అని సగంలో ఆపింది. మిగతా సగం నాకు తెలుసు.

ఇలాంటివాళ్ళని ఏం చెయ్యాలి?

ఇట్లు,
టైలరు

తా.క.: వాడి చొక్కా ఎడమ భుజం కుట్టు ఒక వేలు కిందికి జారింది. అంత మాటకారి అద్దంలో చూసుకోడా?

•

ప్రియమైన తండ్రి గారికి,

మీ ఉత్తరంలో ప్రతి అక్షరం చదివాను.

మీ అబ్బాయి చెడు సావాసం పట్టాడన్నమాట! ఆ నీలం చొక్కావాడి లాంటివాళ్ళ వల్లే ఇళ్ళు గుల్లవుతున్నాయి. వాడు ఎక్కడ కనబడినా మొహమాటపడకండి. కాలరు పట్టుకుని నాలుగు వాయించండి. నా పేరు చెప్పండి, నేను చూసుకుంటాను.

ఇక ఇంటి వైద్యంతో లాభం లేదు. మా బాలుర వసతిలో చేర్పించండి. మూడు నెలలు. ఫోన్ ఉండదు, ఇంటివాళ్ళు రాకూడదు, ఉత్తరాలు కూడా కుదరవు. వచ్చే సోమవారం తీసుకురండి. కొత్త నిక్కర్లు రెండు, ఆడుకోవడానికి బంతి ఒకటి కావాలి. పక్క తడిపే అలవాటుంటే ముందే చెప్పాలి.

బెంగ పెట్టుకోకండి. మొదటి వారం ఏడుస్తారు, తర్వాత మిమ్మల్ని మర్చిపోతారు.

మీ,
ముఖ్య సలహాదారు

తా.క.: మీరేం పని చేస్తారో ఎక్కడా రాయలేదు. తండ్రి వృత్తి తెలిస్తే వైద్యం సులువవుతుంది.

•

సలహాదారు గారికి,

టైలరు రాసేది. నేను టైలర్ని.

నిక్కర్లు కుట్టాను. ఆ కథ రాయాలి.

ఇన్నేళ్ళూ వీధిలో అందరి కొలతలూ తీశాను గాని ఆవిడవి తీయలేదు. ఆవిడ బట్టలు ఆవిడే కుట్టుకుంటుంది. టేపు పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను.

"ఏంటి?" అంది.

"నడుము" అన్నాను.

ఏమనుకుందో, ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి చేతులు పైకెత్తింది. టేపు చుట్టాను. అంకె చూశాను. 

"ఎంత?"

"చెప్పను."

"చెప్పండి, రాసుకోవాలిగా."

"బాగానే ఉంది."

"బాగానే ఉంది అంటే ఎన్ని ఇంచీలండీ?"

నేను టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాను. ఆవిడ పెన్సిలు తీసి "నడుము: బాగానే ఉంది" అనే రాసుకుంది.

కుట్టి చూపించాను. "ఎవరివి?" అంది. "నీవే" అన్నాను. "నాకు నిక్కర్లా! వేసుకుని ఎక్కడికి ఊరేగమంటారు?" అంది. "బాలుర వసతికి" అన్నాను. అంతే. మిషను మీద తల వాల్చి ఒకటే నవ్వు. ఫోన్ బోర్లా ఉంది, చెవుల్లో తీగలు లేవు, అయినా ఆపకుండా నవ్వింది. ఫోన్ చూడకుండానే నవ్వు వస్తోందంటే జబ్బు బాగా ముదిరిందని నా భయం. అందుకే తీసుకొస్తాను.

కానీ అయ్యా, మూడు నెలలు ఎక్కువ. కాజాలు నేను కుట్టుకుంటాను. ఏం తింటున్నారండీ అని కస్టమర్లని నేను అడగలేను. అడిగినా నవ్వరు, దెబ్బలాటకొస్తారు. మర్చిపోతారు అని కూడా రాశారు. అది చదివాక కత్తెర సాగలేదు. ఒక ప్యాంటు కాలు పొట్టిగా కత్తిరించాను. అలాంటి తప్పు నేను ఎప్పుడూ చెయ్యలేదు.

వీలైతే నన్ను కూడా చేర్చుకోండి. గుడ్డ మిగిలింది. నాకూ రెండు కుట్టుకుంటాను.

ఇట్లు,
టైలరు

తా.క.: పక్క తడిపే సంగతి నేను అడగలేదు. మీరే అడగండి. ఆవిడ చేతిలో కత్తెర లేనప్పుడు అడగండి.

•

గౌరవనీయులైన టైలరు గారికి,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు.

నిన్న నా ఫోన్ గచ్చు తుడిచే బకెట్లో పడింది. ఇక చేతులకి పని లేక బల్ల మీదున్న కాగితాలు తీశాను. అందులో మీ ఉత్తరాలు. మొట్టమొదటిసారి చదివాను.

మీ దస్తూరీలో ఏ లోపమూ లేదు. "మా ఆవిడ" అని గుండ్రంగా, ముత్యాల్లా రాశారు. లోపం నాది. నేను వీడియోకీ వీడియోకీ మధ్య, ఉత్తరంలో ఎక్కడో కంటికి తగిలిన ఒక ముక్క చూసి, మిగతాది ఊహించి జవాబులు రాస్తున్నాను. ఇంతకాలం ఎవరూ పట్టుకోలేదు. చెప్పింది చెప్పినట్టు చేసినవాళ్ళు మీరొక్కరే.

ఆ నీలం చొక్కా నేనే. ఫోన్ మానమని ఫోన్‌లో చెప్పడం నా వృత్తి. నా కాలరు పట్టుకోమని నేనే రాశాను, దయచేసి అది మాత్రం అమలు చెయ్యకండి.

బాలుర వసతి రద్దు. అమ్మగారికి నా క్షమాపణలు, ఉయ్యాల విషయంలో మరీ మరీ. మీకు సలహా చెప్పే అర్హత నాకు లేదు. మీ కేసు ఇంతటితో మూసేస్తున్నాను. ఇక మీరు నాకు రాయవలసిన పని లేదు.

సిగ్గుతో,
సలహాదారు

తా.క.: చొక్కా పంపితే ఆ భుజం సరిచేస్తారా?

ఇంకో తా.క.: తడిసిన ఫోన్‌ని మేడ మీద ఎండలో పెట్టాను. పొద్దుట్నుంచి మెట్లెక్కి చూసొస్తూనే ఉన్నాను. ఇది జబ్బేం కాదు కదా?

•

నీలం చొక్కా బాబుకి,

పేషెంటు రాసేది.

కేసు మూసేశానని రాస్తావా? ఎవర్నడిగి మూశావు నాయనా? వెంటనే తెరువు.

ఉన్నమాట చెబుతాను, ఆయనకి చెప్పకు. కవరు అంటించడం ఆయనకి చేతకాదు. జిగురంతా చేతికే పూసుకుంటారు. అందుకని ఉత్తరం రాసి, మడిచి, "అంటించి డబ్బాలో వెయ్యి" అని నాకే ఇస్తారు. నేను చదవనని ఆయన నమ్మకం. నీ జవాబులు దాచినా అంతే. అంత నమ్మకస్తుడితో కాపురం చెయ్యడం ఎంత కష్టమో నీకు తెలియదు.

మొదటిది చదివిన రోజే ఫోన్ కట్టేశాను. "ఆవిడ మాట నాకు మళ్ళీ కావాలి" అని రాశారు. పెళ్ళయిన నాటినుంచి నాకు ఛాతీ, నడుము, భుజం తప్ప ఇంకో ముక్క చెప్పిన మనిషి కాదు. ముక్కూ మొహం తెలియని నీకు పేజీ పేజీ రాశారు. వెళ్ళి నేనే మాట్లాడదామని లేచాను. లేచి, ఆగాను. జబ్బు తగ్గిపోతే ఇంకో ఉత్తరం రాయరు కదా?

అందుకని ఛార్జింగ్ లేని ఫోన్ పట్టుకుని, ఎటూ తగిలించని తీగలు చెవుల్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆయన చెప్పిన కొలతలన్నీ వింటూనే ఉన్నాను. నవ్వేది ఫోన్ చూసి కాదు, ఉత్తరాల్లో సంగతులు గుర్తొచ్చి. నీలం చొక్కా కూడా నా పనే. రోజూ కాసేపు ఛార్జింగ్ పెట్టి, ఆయన చూసేట్టు నీ వీడియో ఒక్కటే తిప్పి తిప్పి వేశాను. కుళ్ళుకుంటే ఎలా రాస్తారో చూద్దామని. బాగా రాశారు. నీ మాటలు మాత్రం ఏమీ అనుకోకు, రెండోసారికే ఆవలింత వచ్చింది.

ఆ కత్తెర సాగలేదన్న ముక్క చదివినప్పుడు మాత్రం నవ్వు రాలేదు. ఆ పొట్టి ప్యాంటు కాలికి ఆయన చూడకుండా నేనే ముక్క అతికాను.

నిక్కరు ఒకటి తలుపేసుకుని వేసి చూసుకున్నాను. అంగుళం తేడా లేదు. "బాగానే ఉంది" అంటూనే అంకె గుర్తుపెట్టుకున్నారు దొంగ.

ఇప్పుడు నువ్వు చెయ్యవలసింది విను. మునుపటిలాగే దర్జాగా, ఏమీ చదవనట్టు ఆయనకి జవాబు రాయి. "పేషెంటు ఎదురుగా కూర్చుని, కొలతలు కాకుండా, రోజూ నాలుగు మాటలు పైకి చెప్పవలెను" అని గట్టిగా రాయి. నేనడిగితే మిషను తొక్కుతూ కూర్చుంటారు. డాక్టరు చెప్పాడంటే ఉయ్యాల దాకా వచ్చే మనిషి.

చొక్కా పంపు. భుజం ఆయన సరిచేస్తారు. కాలరు పట్టుకోకుండా నేను చూసుకుంటాను.

ఇట్లు,
మీ బాలుర వసతిలో చేరని అబ్బాయి

తా.క.: నువ్వు రాయొద్దన్నావని ఆయన కాగితం ముట్టుకోవడం మానేశారు. నాకు చదవడానికేమీ లేదు. నిన్న సాయంత్రం చెయ్యి దానంతటదే పోయి ఫోన్‌ని ఛార్జింగ్‌కి పెట్టింది, అదీ ఆయన చూడనప్పుడు. పరిస్థితి విషమించకముందే జవాబు రాయి బాబూ, తొందరగా.