అరిగిన మోచెయ్యి

చిట్టితల్లీ,

"సెట్లూ బట్టలూ ఎవరు చూస్తారు నాన్నా, ఈ నాటకంతో మానేస్తాను" అని రాశావు. అందుకే నిన్న నీకు చెప్పకుండా వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. తెర లేవగానే నువ్వు కట్టిన ఇంటికి చప్పట్లు కొట్టారు. గుమాస్తా వేషం రాగానే నా పక్కనున్నావిడ భర్తను మోచేత్తో పొడిచింది.

"మీ కోటులాగే ఇతని కోటూ రాసే చెయ్యి వైపే మోచేతి దగ్గర అరిగింది చూడండి! కుట్టినవాళ్లెవరో మనింట్లోకి తొంగిచూశారు."

"ఊరుకోవే, నాటకం చూడనీ."

బస్సులో కూడా పక్కవాళ్లను పలకరించని నేను, "మా అమ్మాయేనండీ" అన్నాను. ముందు వరసవాళ్లు కసురుకున్నా ఆగకుండా పాతికేళ్లుగా నువ్వు చేసిన నాటకాలన్నీ చెప్పేశాను. మానేస్తావని మాత్రం చెప్పలేదు. నీ తర్వాతి నాటకం ఎప్పుడని ఆ భార్యాభర్తలు అడిగారు. ఏం చెప్పమంటావు?

మీ నాన్న