విడివిడిగా ఇరవైనాలుగు, కలిపితే ఇరవైఅయిదు

రేగుళ్ళపాడు,
15-7-1957

అడ్డరోడ్డు కిరాణా కొట్టు కోటిలింగం గారికి,

రేగుళ్ళపాడు బోర్డు స్కూలు టీచరు దయామణి నమస్కరించి రాస్తున్నది.

ఏప్రిల్ నుంచి రూపాయికి పదహారణాలు పోయి వంద నయాపైసలు వచ్చినాయి గదా. మా మూడో తరగతి పిల్లలు కూడికలూ తీసివేతలూ పలకమీద బాగానే చేస్తున్నారు. చేతిలో డబ్బు పెడితే మాత్రం పిడికిలి బిగించి, లెక్క మరిచిపోతున్నారు. అందుకని శనివారం నలుగుర్ని మీ కొట్టుకు పంపిస్తాను. ఒక్కొక్కరి చేతికి పది పైసల బిళ్ళ ఇస్తాను. అణా బెల్లం కొని, చిల్లరెంత రావాలో వాళ్ళే చెప్పాలి. మీరు దయచేసి చెప్పొద్దు.

ఇట్లు,
దయామణి

తా.క.: బెల్లం చూస్తే మరియదాసుకు లెక్క తప్పుతుంది. వాడికి చిల్లర ముందిచ్చి, బెల్లం తర్వాత ఇవ్వండి.

*

అడ్డరోడ్డు,
21-7-1957

పంతులమ్మ గారికి కోటిలింగం రాసేది. ఇక్కడంతా క్షేమం, గల్లాపెట్టె తప్ప.

పిల్లలొచ్చారు. ఎలిజబెత్ అనే పిల్ల నేను నోరు తెరవకముందే "అణాకి ఆరు పోతే నాలుగు పైసలియ్యి తాతా" అన్నది. బెల్లం కొడుతున్న మా ఇంటావిడ విశాలాక్షి పకపకా నవ్వింది. అంతవరకు బాగానే ఉంది. నలుగురూ తలా ఒక అణా బెల్లం కొన్నారు. నాలుగణాలంటే పావలా. పావలా అంటే ఇరవైఅయిదు పైసలని సర్కారు వారి కాగితం నా గోడకే అంటించి ఉంది. పెట్టెలో చూస్తే ఇరవైనాలుగే ఉన్నాయి. ఆ ఒక్క పైస ఏమైంది? మీ పిల్లలకు తీసివేత నేర్పమన్నారు గానీ, నా దాంట్లోంచా?

ఇట్లు,
కోటిలింగం

తా.క.: మూడుసార్లు లెక్కపెట్టాను. మూడోసారి ఇరవైమూడే వచ్చినై. ఇంకా తగ్గుతాయని భయపడి ఆపేశాను.

*

రేగుళ్ళపాడు,
24-7-1957

కోటిలింగం గారికి దయామణి నమస్కారాలు.

ఆ పైస ఎవరూ తియ్యలేదు. అణాకు నిజానికి ఆరుంబావు పైసలు. పావు పైస బిళ్ళ లేదు గనుక సర్కారు వారు అణాను ఆరుకే లెక్కగట్టమన్నారు. నాలుగణాల సరుకు ఒకేసారి కొంటే ఇరవైఅయిదు ఇవ్వాలి. అణా చొప్పున నాలుగుసార్లు విడివిడిగా కొంటే నాలుగార్లు ఇరవైనాలుగే. ఇందులో మీ తప్పూ లేదు, పిల్లల తప్పూ లేదు. అయినా మీకు నష్టం నావల్ల వచ్చింది కాబట్టి ఒక నయాపైస ఈ కవర్లో పెట్టి పంపుతున్నాను.

ఇట్లు,
దయామణి

తా.క.: ఒక పైస పంపటానికి కవరు ఖర్చు అంతకు పదింతలు దాటింది. ఈ లెక్క పిల్లలకు చెప్పలేదు.

*

అడ్డరోడ్డు,
5-8-1957

పంతులమ్మ గారికి,

పైస పంపిస్తారా? నేనేమన్నా మీ గుమ్మంలో జోలె పట్టి నిలబడ్డానా? సరే, అది పోనీండి. అసలు సంగతి వినండి.

మీ ఊరి ఆడవాళ్ళంతా ఇప్పుడు అణా చొప్పునే కొంటున్నారు. ఒకసారి ఆరు పైసలిచ్చి, వెళ్ళి మళ్ళీ లైను చివర నిలబడతారు. మొన్న రాజమ్మ రూపాయి నూనెకు పదహారుసార్లు తిరిగింది. పదహారార్లు తొంభైఆరు. నాకు నాలుగు పైసలు బొక్క. పన్నెండోసారికి అలిసిపోయి నా అరుగుమీదే కూలబడి, మంచినీళ్ళు కూడా నన్నే అడిగింది. మూడణాల సరుకు మాత్రం ఒక్కళ్ళూ కొనరు. ఏందమ్మా అంటే, "పందొమ్మిది పడుద్దంట, విడిగా అయితే పద్దెనిమిదేగా" అంటారు!

ఈ లెక్క ఊరికి నేర్పింది మీరు గాక ఎవరు? ఇన్స్పెక్టరు గారికి అర్జీ రాయించాను. పంతులమ్మ పిల్లలకు చదువు మానేసి వ్యాపారుల్ని ముంచటం నేర్పుతోందని. ఈ వారంలో పోస్టు చేస్తాను.

ఇట్లు,
మునిగిపోతున్న కోటిలింగం

తా.క.: మీరు పంపిన పైస దేవుడి పటం ముందు పెట్టాను. ఖర్చుపెట్టటానికి మనసొప్పలేదు, తిరిగి పంపటానికి కవరుకు చానా అవుద్ది.

*

రేగుళ్ళపాడు,
8-8-1957

కోటిలింగం గారికి,

నాది టెంపరరీ ఉద్యోగం. మీ అర్జీ చేరితే ఉండదు. అయినా ఉన్నదున్నట్టు చెప్తాను. పిల్లల్ని ఒక్కొక్కరినీ పిలిచి అడిగాను. మీ పైస లెక్క క్లాసులో చెప్పినప్పుడే "అయితే విడివిడిగా కొంటే పోలా టీచర్?" అని మరియదాసు అన్నాడు. "ఒకరి పావలాలో పైస తగ్గించటం లెక్క కాదు, టక్కు" అని నేనన్నాను. ఏ ఒక్కరూ ఇంట్లో చెప్పలేదంటున్నారు. వాళ్ళ మాట నేను నమ్ముతాను.

అర్జీ పంపదల్చుకుంటే పంపండి. కానీ ముందు ఒక్క పని చెయ్యండి. కొట్టులో అణా అన్న మాటే తీసెయ్యండి. రూపాయి బెల్లంలో పదోవంతు పది పైసలకు అమ్మండి. అందులో సగం అయిదుకు. అప్పుడు రాజమ్మ ఒక్కసారి కొన్నా పదిసార్లు తిరిగినా వంద వందే. శనివారం నేనే పిల్లల్ని తీసుకొస్తాను. ధరలన్నీ లెక్కగట్టి వాళ్ళే బోర్డు రాస్తారు.

ఇట్లు,
దయామణి

తా.క.: మేం ఏమీ కొనం. భయపడొద్దు.

*

అడ్డరోడ్డు,
25-8-1957

అమ్మా దయామణీ, కోటిలింగం నమస్కారాలు.

మీరు బోర్డు రాసి వెళ్ళి రెండు వారాలైంది. లైను లేదు. నిన్న రాజమ్మ రూపాయి నూనె ఒక్కసారే కొని, వంద పైసలూ లెక్కపెట్టి, "హమ్మయ్య, కాళ్ళు బతికినై" అన్నది. "ఆ విడివిడి లెక్క నీకెవరు చెప్పారే?" అంటే కొంగు నోటికడ్డం పెట్టుకుని మా ఇంట్లోకి చూసింది.

లోపలికి పోయి "ఏమే, నువ్వా?" అన్నాను. విశాలాక్షి బియ్యం ఏరుతూ తలెత్తకుండా "నేనే" అన్నది. మీ రెండో ఉత్తరం నేను పైకి చదువుతుంటే విని నేర్చుకున్నదంట! అంటే పాఠం మీది, చదివి వినిపించింది నేను, ఊరికి చెప్పింది ఆవిడ.

"నా కొంప నువ్వే ముంచుతావా?" అంటే ఏమన్నదో వినండి. "ఏప్రిల్ నుంచి చెప్తున్నా, కొత్త ధరలు కట్టమని. నోటితో చెబితే మీకెక్కదు, గల్లాపెట్టె చెబితే ఎక్కుద్దనుకున్నా. పంతులమ్మ ఉద్యోగానికి ముప్పని తెలిసిన్నాడే మీ అర్జీ పొయ్యిలో పెట్టా."

పోస్టు చేద్దామని రెండ్రోజులు వెతికిన మాట నిజమే. క్షమించండి. నిజం చెప్పాలంటే వేళ్ళ కణుపులమీద పదహారు లెక్కపెట్టటం తప్ప నాకు రాదు. వంద అంటే భయమేసింది. ఆ భయమే మీమీద కోపమైంది.

ఆవిణ్ణి చిన్నప్పుడు బడికి పంపలేదు. అంకెలన్నీ నోటిమీదే, రాయటం రాదు. శనివారం శనివారం మీ స్కూలుకు వచ్చి నేర్చుకుంటానంటోంది. పలక కొనిచ్చాను. కాదనకండి.

ఇట్లు,
మీ శ్రేయస్సు కోరే
కోటిలింగం

తా.క.: కొట్టు మూసి నేనూ వస్తాను. ఆవిడ పక్కన మాత్రం కూర్చోబెట్టొద్దు. నేను చూసి రాస్తానని ఆవిడ అనుమానం. అది నిజమే.